సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీ

ప్రభుత్వ ఉద్యోగి సర్వీస్ రిజిస్టర్ తెరిస్తే మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, సొంతూరు, ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. వాటి మధ్య ఒక గడిలో పుట్టిన తేదీ ఉంటుంది. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాస్తారు. కింద ఉద్యోగి సంతకం, ఆఫీసు ముద్ర. కొత్తగా ఉద్యోగం వచ్చిన సంతోషంలో, గుమస్తా వేలుపెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు. ముప్పై, ముప్పై అయిదేళ్ల తర్వాత ఇంటికి వెళ్లాల్సిన రోజును ఆ గడే తేలుస్తుందని ఆ పూట ఎవరికీ తట్టదు. తట్టేసరికి చాలామందికి రిటైర్మెంట్ ఏడాదో రెండేళ్లో ఉంటుంది. అప్పుడు పాత టీసీ వెతకడం, ఊరికి వెళ్లి జనన రిజిస్టర్ అడగడం, లాయర్ని కలవడం మొదలవుతాయి. ఈ కేసుల్లో ఎక్కువ భాగం ఓడిపోతాయి. ఎందుకు ఓడిపోతాయో, ఎక్కడ ఓడిపోవడం న్యాయమో, ఎక్కడ అన్యాయమో విడివిడిగా చూడాలి.

అసలు తప్పు తేదీ ఎక్కడ పుడుతుంది? ఇప్పుడు రిటైరవుతున్న తరం 1960ల్లో పుట్టింది. పల్లెల్లో కాన్పులు చాలావరకు ఇళ్లలోనే జరిగేవి. ఆంధ్ర ప్రాంతపు ఊళ్లలో జనన మరణాల లెక్క మునసబు దగ్గర ఉండేది. ఎవరైనా వెళ్లి చెబితే రాసుకునేవాడు, చెప్పకపోతే ఆ పుట్టుక లెక్కలోకి వచ్చేది కాదు. 1984లో మునసబు, కరణాల వ్యవస్థే రద్దయింది. ఆ కాలపు పుస్తకాల కోసం వెళ్లి, చెదలు తిన్న కాగితాలు చూసి వెనక్కి వచ్చినవాళ్లు ఎందరో.

ఇక బడి. జూన్‌లో పిల్లవాణ్ని తీసుకెళితే హెడ్మాస్టరు ఒక పరీక్ష పెట్టేవారు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోవాలి. అందితే అయిదేళ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రావాలి. అందిన పిల్లలకు ఆ రోజు నుంచి అయిదేళ్లు వెనక్కి లెక్కేసి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒక తేదీ పడేది. అందుకే ఏ ఆఫీసులో సీనియారిటీ లిస్టు చూసినా జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు అన్ని కనిపిస్తాయి. తల్లికి తిథి గుర్తుంటుంది, నక్షత్రం గుర్తుంటుంది, ఇంగ్లిషు సంవత్సరం గుర్తుండదు. దివిసీమ ఉప్పెనకి నువ్వు బళ్లో మూడో తరగతి అని చెబుతుంది. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది కాబట్టి దాన్నుంచి వెనక్కి లెక్క కట్టవచ్చు. ఇంట్లో అది నమ్మకమైన లెక్కే. కోర్టులో దాని విలువ చాలా తక్కువ.

తెలియక రాసిన తేదీలతో పాటు తెలిసి రాయించిన తేదీలూ ఉన్నాయి. పై తరగతిలో కూర్చోబెట్టడానికి వయసు పెంచిన తండ్రులు ఉన్నారు, ఉద్యోగానికి పనికొస్తుందని తగ్గించిన తండ్రులూ ఉన్నారు. సర్కారు ఉద్యోగంలో మేలు జరుగుతుందని బడిలో చేర్చేటప్పుడే తప్పు వయసు చెప్పడం లోకంలో తరచూ జరిగేదేనని సుప్రీంకోర్టు 1960ల్లోనే, బ్రిజ్‌మోహన్ సింగ్ అనే ఎన్నికల కేసులో రాసింది. బడి రిజిస్టర్‌లో ఉంది కాబట్టి నిజమే అనుకోకూడదని, ఆ వివరం ఎవరిచ్చారో, ఎవరు రాశారో సాక్ష్యం కావాలని బిరద్‌మల్ సింఘ్వీ కేసులో 1988లో మరింత గట్టిగా చెప్పింది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆ తీర్పులు ఎన్నికల తగాదాల్లో వచ్చాయి, అక్కడ అసలు వయసు ఎంతో తేల్చాలి. ఉద్యోగి కేసులో కోర్టు ముందున్న ప్రశ్న వేరే. ఏ తేదీని నువ్వు ఒప్పుకుని సంతకం పెట్టావు, దాన్ని మార్చమని ఎప్పుడు అడిగావు, అలా అడగడానికి రూల్ ఒప్పుకుంటుందా అన్నవే అక్కడ ముఖ్యం. ఎప్పుడు పుట్టావన్నది చాలా కేసుల్లో చర్చకే రాదు.

దేశమంతా చూసిన ఉదాహరణ ఆర్మీ చీఫ్‌గా పనిచేసిన జనరల్ వి.కె. సింగ్ కేసు. ఆయన పుట్టింది 1951 మే 10న అని మెట్రిక్ సర్టిఫికెట్ చెబుతోంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరడానికి కుర్రతనంలో నింపిన దరఖాస్తులో 1950 అని ఉంది. ఒకే సైన్యంలో అడ్జుటెంట్ జనరల్ శాఖ 1951ని, మిలిటరీ సెక్రటరీ శాఖ 1950ని దశాబ్దాల పాటు రాసుకుంటూ వచ్చాయి. పై ప్రమోషన్లు వచ్చే సమయంలో 1950కి కట్టుబడతానని ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన మాట ఉంది. 2012 జనవరిలో ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. అసలు పుట్టిన తేదీ ఏదో తేల్చడం తమ ముందున్న ప్రశ్న కాదని, రికార్డులో ప్రభుత్వం ఏ తేదీని గుర్తించిందన్నదే ప్రశ్న అని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఫిబ్రవరి 10న ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, మే 31న రిటైరయ్యారు. పదమూడు లక్షల సైన్యాన్ని నడిపించిన మనిషికైనా, మండలాఫీసు అటెండరుకైనా ఈ విషయంలో కొలబద్ద ఒకటే.

ఆ కొలబద్ద రూల్స్‌లో ఉంది. కేంద్ర ఉద్యోగులకు ఫండమెంటల్ రూల్ 56 కింద 1979లో ఒక నోట్ చేర్చారు. తేదీ మార్చమని అడగాలంటే ఉద్యోగంలో చేరిన అయిదేళ్లలోపే అడగాలి. నిజమైన పొరపాటు జరిగిందని రుజువు కావాలి. మూడోది అన్నిటికంటే చిక్కు షరతు. మార్చిన తేదీ ప్రకారం చూస్తే, ఆ మనిషి రాసిన పరీక్షకు గానీ చేరిన ఉద్యోగానికి గానీ వయసు చాలకుండా పోకూడదు. పద్దెనిమిదేళ్లు నిండాయని చూపించి ఉద్యోగంలో చేరిన మనిషి, నేను నిజానికి రెండేళ్లు చిన్న అని ముప్పై ఏళ్ల తర్వాత అంటే, పదహారేళ్లకే చేరానని తన నోటితో ఒప్పుకున్నట్టే. ఆ తేదీతో లాభం పొంది, ఇప్పుడు అదే తేదీ తప్పనడం కుదరదని చట్టం అంటుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకా కటువుగా వెళ్లింది. 1984 ఏప్రిల్‌లో పుట్టిన తేదీ నమోదు, మార్పులకు ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. ఉద్యోగుల నోట జీవో 165గా నలిగినవి ఇవే. చేరేటప్పుడు స్కూలు రికార్డు చూసి తేదీ ఒకసారి సర్వీస్ రిజిస్టర్‌కు (ఎస్‌ఆర్‌కు) ఎక్కితే అదే ఆఖరు. రాయడంలో గుమస్తా చేసిన పొరపాటైతే తప్ప దాన్ని కదపకూడదు. సర్టిఫికెట్‌లో 1964 ఉండి ఎస్‌ఆర్‌లో 1946 పడితే అది రాతలో పొరపాటు, దిద్దవచ్చు. సర్టిఫికెట్‌లోనే తప్పు ఉంది, నా అసలు తేదీ మునసబు పుస్తకంలో వేరేగా ఉంది అంటే అది ఈ రూల్ కిందకు రాదు. ఈ కటువుతనాన్ని సుప్రీంకోర్టు 1990లో హయగ్రీవ శర్మ కేసులో సమర్థించింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ అవే రూల్స్ వారసత్వంగా వచ్చాయి.

ఆ రూల్స్ వచ్చిన కాలాన్ని కూడా చూడాలి. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి తగ్గించింది. నిన్నటిదాకా ఇంకో రెండేళ్లు ఉందనుకున్నవాళ్లు ఒక్క దెబ్బకి ఇంటికి పోయారు. ఆ తగ్గింపును సుప్రీంకోర్టు కె. నాగరాజ్ కేసులో సమర్థించే నాటికే వయసు మళ్లీ 58కి పెరిగింది. ఆ తర్వాత కొత్త ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022 జనవరి నుంచి 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. రిటైర్మెంట్ వయసు కదిలినప్పుడల్లా పుట్టిన తేదీ విలువ కూడా కదులుతుంది. ఒక్క నెల తేడాతో పెంపు అందక బయటికి వెళ్లిపోయినవాళ్ల బాధ ఇంతా అంతా కాదు. ఒక నెలే కాదు, ఒక్క రోజు కూడా లెక్కకొస్తుంది. 62 ఏళ్ల లెక్కన 1964 జూలై 2న పుట్టినవారు 2026 జూలై 31 దాకా ఉంటారు. జూలై 1న పుట్టినవారు జూన్ 30నే దిగిపోవాలి, ఎందుకంటే ఒకటో తారీఖున పుట్టినవారికి అంతకు ముందు నెల చివరి రోజే ఆఖరు. హెడ్మాస్టరు గుండుగుత్తగా రాసిన ఒకటో తారీఖు అలా ఒక నెల జీతం తినేస్తుంది.

ఆలస్యంగా అడిగినవాళ్ల విషయంలో కోర్టులు ఎందుకింత గట్టిగా ఉంటాయి? హర్నామ్ సింగ్ 1956లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, 1991లో, రిటైర్మెంట్ ముందు తేదీ మార్చమన్నాడు. 1979కి ముందే చేరాను కాబట్టి అయిదేళ్ల గడువు నాకు లేదన్నది ఆయన వాదన. గడువు లేకపోవడం అంటే ఎప్పుడైనా అడగవచ్చని కాదు, పాతవాళ్లు కనీసం 1979 నుంచి అయిదేళ్లలోనైనా అడగాలి అని సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. 2021 సెప్టెంబరులో వచ్చిన కర్ణాటక గ్రామీణ మౌలిక వసతుల సంస్థ కేసు ఇంకో అడుగు ముందుకేసింది. ఉద్యోగి 1984లో చేరాడు. గడువు పెట్టే రూల్ ఆ సంస్థకు వర్తించింది 1991లో. ఆయన అడిగింది 2007లో. అడిగిన తేడా ఒక ఏడాది చిల్లర. హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెబితే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గట్టి ఆధారం ఉన్నా సరే, మార్పును హక్కుగా అడగలేరని, సర్వీసు చివర్లో అడిగితే ఆలస్యం ఒక్కటే కారణంగా తోసిపుచ్చవచ్చని చెప్పింది.

చదివితే కఠినంగానే ఉంటుంది. దాని వెనకున్న కారణాన్ని 1993లో తమిళనాడుకు చెందిన కిరుబాకరన్ కేసులో కోర్టు వివరించింది. ఏ ఆఫీసులోనైనా ఇది కళ్ల ముందు జరిగేదే. ఒక సూపరింటెండెంట్ ఈ జూన్‌లో దిగిపోవాలి. ఆ సీటు కోసం సీనియర్ అసిస్టెంట్ ఒకరు పన్నెండేళ్లుగా చూస్తున్నారు, ఆయనకు డిసెంబరులో రిటైర్మెంట్. ఆయన పైకెళితే ఆ ఖాళీలోకి ఒక జూనియర్ అసిస్టెంట్ వస్తారు. సూపరింటెండెంట్ కోర్టుకెళ్లి రెండేళ్లు పొడిగించుకుంటే సీనియర్ అసిస్టెంట్ ఆ ఆరు నెలల ప్రమోషన్ లేకుండానే దిగిపోతారు. పెన్షన్ జీవితాంతం కింది స్కేలు మీదే. ఆయన ఆ కేసులో పార్టీ కాదు, ఆయనకు నోటీసు కూడా రాదు. పైగా స్టే ఉత్తర్వుతో రెండేళ్లు కూర్చున్న మనిషి చివరికి కేసు ఓడిపోయినా ఆ రెండేళ్లు ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అందుకే తిరుగులేని ఆధారం కనపడకుండా మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వవద్దని ఆ తీర్పు ట్రిబ్యునళ్లను, కోర్టులను హెచ్చరించింది. కుర్చీ వదలడం ఇష్టం లేక ఆఖరి ఏడాదిలో జాతకం పట్టుకొచ్చే అధికారి విషయంలో ఈ హెచ్చరిక నూటికి నూరుపాళ్లు సబబు.

తేదీ అంత గట్టిదైతే ప్రభుత్వాన్ని కూడా అది కట్టేయాలి కదా. కట్టేస్తుంది. ఒరిస్సాలో డాక్టర్ బీణాపాణి దేవి ప్రభుత్వ వైద్యురాలు. చేరేటప్పుడు 1910లో పుట్టానని రాసిచ్చారు, ప్రభుత్వం ఒప్పుకుంది. ఏళ్ల తర్వాత ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి. విచారణ చేసి, ఆ నివేదిక ఆమె చేతికి ఇవ్వకుండానే ప్రభుత్వం ఆమె 1907లో పుట్టిందని తేల్చేసింది, 55 ఏళ్లు ఎప్పుడో దాటాయని ఇంటికి పంపింది. 1967లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలబడనివ్వలేదు. మనిషి బతుకును తలకిందులు చేసే ఉత్తర్వు ఆఫీసు నిర్ణయమే అయినా సరే, ఎదుటివారికి ఆధారాలు చూపించి వాళ్ల మాట వినకుండా ఇవ్వకూడదని చెప్పింది. సహజ న్యాయం గురించి దేశంలో ఎక్కడ మాట్లాడినా ఇప్పటికీ ఈ కేసు ప్రస్తావన వస్తుంది. ఒక లేడీ డాక్టరు పుట్టిన తేదీ తగాదా నుంచి అంత పెద్ద సూత్రం బయటికొచ్చింది.

ఇంతవరకూ చట్టంతో పేచీ లేదు. పేచీ ఉన్నదల్లా తన రికార్డును తానెప్పుడూ చూడని మనిషి దగ్గర. గనిలో దిగే కార్మికుడు, మున్సిపాలిటీలో చీపురు పట్టే అమ్మ, డిపోలో హెల్పరు, ఆస్పత్రి స్వీపరు. వీళ్లలో ఎంతోమంది బడి మొహం చూడలేదు. చేరిన రోజు ఎవరో మొహం చూసి ముప్పై అయిదు అని వేశారు, వేలిముద్ర తీసుకున్నారు. ఆ ముప్పై అయిదు నిజానికి ఇరవై ఎనిమిది అయితే ఏడేళ్ల కూలి పోయింది. ఆలస్యంగా అడిగావని వాళ్లను తోసేయడంలో న్యాయం లేదు. తెలియని దాన్ని ఎవరు అడుగుతారు?

దీనికి జవాబు కూడా సుప్రీంకోర్టు తీర్పుల్లోనే దొరుకుతుంది. జార్ఖండ్ బొగ్గు గనుల్లో పనిచేసిన ఛోటా బిర్సా ఉరావ్ అనే కార్మికుడి కేసులో 2014లో తీర్పు వచ్చింది. 1987లో కంపెనీ మొదటిసారి కార్మికులకు వాళ్ల రికార్డులోని వివరాలు కాగితం మీద ఇచ్చి, తప్పులుంటే చెప్పమంది. ఆయన చూస్తే పేరు, తండ్రి పేరు, చిరునామా కూడా తప్పే. పుట్టిన ఏడు 1950 అని స్కూలు సర్టిఫికెట్‌లో ఉంటే రికార్డులో 1947 అని ఉంది. వెంటనే రాసిచ్చాడు. మిగతావి దిద్దారు గానీ తేదీ దిద్దలేదు. ఆ వివరాలు చూసిన రోజే అడిగాడు కాబట్టి ఇది ఆఖరి క్షణంలో వేసిన ఎత్తు కాదని కోర్టు ఆయన పక్షాన నిలిచింది. బొగ్గు గనుల వేతన ఒప్పందంలో భాగంగా వచ్చిన ఉత్తర్వు నంబరు 76 ఇలాంటివాటికి దారి చూపిస్తుంది. ఉద్యోగంలో చేరకముందే వచ్చిన సర్టిఫికెట్ ఉంటే దాన్ని నమ్మాలి, ఏమీ లేని చదువురాని కార్మికుడికి వైద్యుల బోర్డుతో వయసు కట్టించాలి.

గడువు లెక్కపెట్టాల్సింది ఇలాగే. రికార్డు కళ్లపడిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి. కేంద్ర రూల్స్ ప్రకారం సర్వీస్ బుక్‌ను ప్రతి ఏడాదీ ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవడం ఆఫీసు హెడ్ బాధ్యత. మొదటి పేజీ వివరాలను అయిదేళ్లకోసారి మళ్లీ ధ్రువీకరించాలని కూడా ఉంది. చాలా ఆఫీసుల్లో బీరువా తాళం పెన్షన్ ప్రపోజల్స్ పంపే ముందు గానీ తియ్యరు. అయిదేళ్ల గడువు రూల్‌ను అక్షరం పొల్లుపోకుండా అమలు చేసే యాజమాన్యాన్ని, బుక్ చూపించే రూల్‌ను ఏ ఏడాది పాటించావని కోర్టు అడగాలి. చూపించినట్టు తేదీతో సంతకం ఉంటే ఉద్యోగి నోరు మూతపడుతుంది. లేకపోతే ఆలస్యమనే మాట యాజమాన్యం నోట రాకూడదు. చదువుకున్న ఉద్యోగికి కూడా ఇదే వర్తించాలి గానీ, పదో తరగతి సర్టిఫికెట్ ఇంట్లో పెట్టుకుని అందులో తేదీ చూడలేదంటే ఎవరూ నమ్మరు.

ఆధారాల విషయానికొస్తే, ఉద్యోగానికి ముందు పుట్టిన కాగితానికి ఉన్న బలం తర్వాత పుట్టిన కాగితానికి ఉండదు. రిటైర్మెంట్‌కు ఏడాది ముందు ఆలస్య నమోదు కింద తెచ్చుకున్న జనన ధ్రువపత్రాన్ని కోర్టులు అనుమానంగానే చూస్తాయి. యాజమాన్యాన్ని పార్టీగా చేర్చకుండా సివిల్ కోర్టులో తెచ్చుకున్న డిక్రీ ఆ యాజమాన్యాన్ని కట్టేయదు. ఆధార్ సంగతి చాలామందికి ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది, ఎప్పుడు పుట్టాడో చెప్పదు. 2024 జనవరిలో ఈపీఎఫ్ సంస్థ పుట్టిన తేదీకి రుజువుల జాబితా నుంచి దాన్ని తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఆధార్‌లోని తేదీని పక్కనపెట్టి స్కూలు సర్టిఫికెట్‌ను తీసుకుంది. ప్రైవేటు ఉద్యోగులకు 58 ఏళ్లకు మొదలయ్యే పీఎఫ్ పెన్షన్ దగ్గర ఈ తేడాలన్నీ బయటపడి టెన్షన్ పెడతాయి. కంపెనీ మూతపడితే దిద్దుబాటు కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు కూడా దొరకరు. ఉద్యోగంలో ఉండగానే పీఎఫ్ ఖాతాలో తేదీ సరిచూసుకోవడం ఫోన్‌లో అయిదు నిమిషాల పని.

జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఈ గొడవకు మూలాన్ని తాకింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికైనా, సర్కారు ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. చెవి అందుకునే పరీక్షతో వాళ్లకు పనిలేదు. అంతకు ముందు రోజు, సెప్టెంబరు 30న పుట్టిన బిడ్డ రేపు ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరితే ఇప్పుడున్న 62 ఏళ్ల లెక్కన 2085లో రిటైరవుతుంది. అప్పటిదాకా పాత పద్ధతిలో రాసిన తేదీలే ఎస్‌ఆర్‌లలో ఉంటాయి. ఏడాదికోసారి ఆ మొదటి పేజీ తెరిచి ఉద్యోగి ముందు పెట్టడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. కొత్త చట్టమేదీ అక్కర్లేదు, రూల్ ఎప్పటినుంచో ఉంది.